18 నిండబోతున్న అమ్మాయి, మేధో వైకల్యం: సర్టిఫికెట్, గార్డియన్, బ్యాంకు, పని… ఏది ముందు చేయాలి? (కడప జిల్లా)

మేనమామ_పొద్దుటూరు

అందరికీ నమస్కారం. మా అక్క కూతురి గురించి అడుగుతున్నా. ఇప్పుడు 17 ఏళ్ళ 4 నెలలు. మేధో వైకల్యం ఉంది, దాంతోపాటు కుడి చేతికీ కాలికీ కొంచెం సెరిబ్రల్ పాల్సీ. చిన్నప్పుడు తీసిన సదరం (ప్రభుత్వ వైకల్య) సర్టిఫికెట్లో మేధో వైకల్యం ఒక్కటే రాసి 75 శాతం ఇచ్చినారు. నెలకు 6,000 పింఛను వస్తుంది. తొమ్మిదో తరగతి వరకు గవర్నమెంటు బడి, భవిత సెంటరు (ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రభుత్వం నడిపేది). బావ లేడు. సిమెంటు ఫ్యాక్టరీలో చేసేవాడు, పీఎఫ్ కట్ అయ్యేది. ఇల్లు ఇంకా బావ పేరు మీదనే ఉంది. అక్క ఇంట్లోనే టైలరింగ్ చేస్తుంది.

18 దాటితే తల్లి సంతకం చెల్లదు, గార్డియన్ పేపర్లు లేకుంటే పింఛను కూడా ఆగిపోతుంది అని ఒకాయన భయపెట్టినాడు. నిజమేనా? సర్టిఫికెట్ మళ్ళీ తీయాల్నా? అక్క తర్వాత నేనే చూసుకోవాలి కాబట్టి ఇప్పుడే నా పేరు గార్డియన్‌గా పెట్టించుకోవచ్చా (నాకింకా పెళ్ళి కాలేదు)? ఇంగ బడి అయిపోయినాక పాప పగలంతా టీవీ ముందరనే. చేతికి ఏదైనా పని నేర్పించే దారి ఉందా? యాడ మొదలుపెట్టాలో చెప్పండి.

భవిత_కర్నూలు

అన్నా, ముందు భయం తీసేస్తా. గార్డియన్ పేపరు లేదని పింఛను ఆపరు. పింఛను పాప పేరు మీద వస్తోంది, వైకల్యం శాతాన్ని బట్టి వస్తోంది. సర్టిఫికెట్ గడువు తీరినా, ఆధార్ దగ్గర ఏదైనా తేడా వచ్చినా ఆగే ప్రమాదం ఉంది. అందుకని గార్డియన్ కంటే ముందు ఆ రెండూ చూడండి.

మొదట ఆధార్. 15 ఏళ్ళు నిండినాక వేలిముద్రలు, కనుపాప మళ్ళీ ఇవ్వాలి. ఐదేళ్ళప్పుడు ఇచ్చినవాటితోనే నెట్టుకొస్తున్న పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు. చేయి బిగుసుకుపోయే పిల్లలకు వేలిముద్ర సరిగ్గా పడదు, కళ్ళు నిలకడగా ఉండకపోతే కనుపాప రాదు. ఆపరేటరు రెండు మూడుసార్లు చూసి "రావడం లేదు, రేపు రాండి" అంటాడు. రేపు వచ్చినా అదే కథ. అక్కడ అడగాల్సింది "బయోమెట్రిక్ మినహాయింపు కింద నమోదు చేయండి" అని. ఆ పద్ధతి ఆధార్ నిబంధనల్లోనే ఉంది. పేరు, పుట్టిన తేదీ బడి రికార్డులో, ఆధార్‌లో, సదరంలో ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూసుకోండి. పుట్టిన తేదీ తేడా ఉంటే 18 ఎప్పుడు నిండిందన్న లెక్కే ఒక్కో ఆఫీసులో ఒక్కోటి అవుతుంది.

రెండోది సర్టిఫికెట్. మేధో వైకల్యానికి చిన్నప్పుడు ఇచ్చేది శాశ్వతం కాదు. 5, 10, 18 ఏళ్ళప్పుడు మళ్ళీ పరీక్ష చేయాలి, 18 నిండినాక ఇచ్చేదే జీవితకాలం చెల్లుతుంది. కాబట్టి తొందరపడి 17 ఏళ్ళ 10 నెలలకు పోయి తీయించుకుంటే మళ్ళీ తాత్కాలికమే చేతికొస్తుంది. పుట్టినరోజు దాటిన వెంటనే సచివాలయంలో గానీ మీసేవలో గానీ సదరం స్లాటు బుక్ చేసుకోండి. స్లాట్లు విడతలుగా తెరుస్తారు, రెండు మూడు రోజుల్లో నిండిపోతాయి. డిజిటల్ అసిస్టెంటుకు ముందే చెప్పిపెట్టుకోవాలి. స్లాటు తీసేటప్పుడు మానసిక వైద్య నిపుణులు కూర్చునే ఆసుపత్రి, వాళ్ళు కూర్చునే రోజు ఎంచుకోండి. లేకపోతే పోయిన పని వట్టిదవుతుంది.

ఈసారి సెరిబ్రల్ పాల్సీని కూడా చూడమని అడగండి. రెండు వైకల్యాలుంటే శాతాలను నేరుగా కూడరు, ఒక లెక్క ఉంది. పెద్ద శాతాన్ని 90 లోంచి తీసేయాలి. మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి 90తో భాగించాలి. వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలపాలి. మేధో వైకల్యం 75, చేయీ కాలూ 40 అనుకుంటే 15ని 40తో గుణిస్తే 600, దాన్ని 90తో భాగిస్తే 6.67, మొత్తం 81.67. అంటే 80 గీత దాటింది. యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) 40 నుంచి 80 లోపు పసుపు రంగు, 80 ఆపైన నీలం. ఆదాయపు పన్ను మినహాయింపు కూడా అక్కడే మారుతుంది, 75,000 కాస్తా 1,25,000 అవుతుంది (పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు మాత్రమే). కానీ 80 దాటింది కదా అని 15,000 పింఛను వస్తుందనుకోవద్దు. అది మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు. శాతం ఒక్కటే చూసి ఇచ్చేది కాదు.

పరీక్ష గదిలో ఎక్కువమంది తల్లులు పొరపడే చోటు ఒకటుంది. మేధో వైకల్యం శాతం తెలివితేటల పరీక్షతో ఒక్కదానితో తేలదు. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటుందో తల్లిని అడిగి వేసే స్కోరు మీదే శాతం ఆధారపడుతుంది. స్వల్పం అయితే 50, మధ్యస్థం 75, తీవ్రం 90, అతి తీవ్రం 100. డాక్టరు "స్నానం తనే చేస్తుందా?" అంటే తల్లి "చేస్తుంది సార్" అంటుంది. నీళ్ళు తోడి పెట్టి, సబ్బు చేతికిచ్చి, "వీపు రుద్దుకో, ఇంక చాలు" అని పక్కన నిలబడి చెప్తే చేస్తుంది అన్న సంగతి రాదు. నలుగురి ముందు బిడ్డను తక్కువ చేసి చెప్పలేక అలా అంటారు. తప్పుపట్టలేం. కానీ స్కోరు మారిపోతుంది. వారం ముందే ఒక కాగితం మీద రాసుకోండి: తిండి, స్నానం, బట్టలు, నెలసరి, డబ్బులు, రోడ్డు దాటడం, ఫోను. ఒక్కో దాని పక్కన "చెప్పకుండా చేస్తుంది", "చెప్తే చేస్తుంది", "చేయి పట్టి చేయిస్తే చేస్తుంది". ఉన్నది ఉన్నట్టు. ఎక్కువ చేసి గానీ తగ్గించి గానీ వద్దు. ఈ కాగితం తర్వాత పని నేర్పేటప్పుడు కూడా అక్కరకొస్తుంది.

ఒక మాట ఆఫీసులు చెప్పవు. జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్స కేంద్రం 18 ఏళ్ళ వరకే. భవిత సెంటరు బడి వయసు పిల్లల కోసమే. ఆ వయసు దాటితే ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ రెండూ ఒకేసారి ఆగిపోతాయి. మిగిలిన ఎనిమిది నెలల్లో అక్కడి ఫైలు మొత్తం జిరాక్స్ తీసుకోండి. చెయ్యికి ఏ వ్యాయామాలు చేయించారో ఫోన్‌లో వీడియో తీసుకోండి. తర్వాత అడిగితే ఆ టీచరే ఆ మండలంలో ఉండకపోవచ్చు.

అనంత_న్యాయసహాయం

గార్డియన్ సంగతి నేను రాస్తాను. పైన చెప్పినట్టు పింఛనుకూ దీనికీ ముడి లేదు. అయితే 18 నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో ఆ అమ్మాయి మేజర్. తల్లి సహజ సంరక్షకురాలి హోదా ఆరోజుతో అయిపోతుంది. ఇది అందరు పిల్లలకూ ఒకటే.

నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 నాలుగింటికి మాత్రమే వర్తిస్తుంది: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం. మీ పాప అందులోకి వస్తుంది. జిల్లాకొక స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. కలెక్టర్ అధ్యక్షులు, నమోదైన స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు, వికలాంగుల్లోంచి ఒకరు సభ్యులు. కోర్టు అవసరం లేదు, వకీలు అవసరం లేదు. దరఖాస్తు ఫారం-ఏ. దానికి వైకల్య సర్టిఫికెట్, వయసు రుజువు, చిరునామా, తండ్రి మరణ ధ్రువపత్రం, గార్డియన్‌గా ఉండబోయేవాళ్ళ అంగీకారం, ఫొటోలు జతచేయాలి. కడప కలెక్టరేట్‌లో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో అడగండి. ఫైలు కదలకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. నోటిమాటతో తిరిగిన తిరుగుడుకు లెక్క ఉండదు. అర్జీ నంబరుంటే జవాబు రాయాల్సింది వాళ్ళే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినాక ఒక చిక్కు వచ్చింది. రాయచోటి వైపువాళ్ళు అలవాటుగా కడపకు, హిందూపురం, ధర్మవరం వాళ్ళు అనంతపురానికి, నంద్యాల వాళ్ళు కర్నూలుకు అర్జీలు పెట్టి నెలల తరబడి చూస్తుంటారు. ఆధార్‌లో ఏ జిల్లా ఉందో ఆ కలెక్టర్ దగ్గరికే పోవాలి. మీది పొద్దుటూరు కాబట్టి కడపే, ఇబ్బంది లేదు.

ఇక మీరు అడిగిన ముఖ్యమైన ప్రశ్న. ఆడపిల్లకు పెళ్ళికాని మగవాణ్ణి ఒక్కణ్ణే గార్డియన్‌గా వేయరు. మేనమామ అయినా అంతే. పెళ్ళయినవాడైతే భార్యతో కలిపి వేస్తారు, ఆమెదే ప్రధాన బాధ్యత. కాబట్టి ఇప్పుడు మీ అక్క పేరుతోనే పెట్టండి. ఆమె ఉండగా మీరు ముందుకు రావాల్సిన పనీ లేదు.

అక్క తర్వాత ఎవరన్నది ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు. అయితే వీలునామాలో "నా తమ్ముడే గార్డియన్" అని రాస్తే ఆ ఒక్క వాక్యంతో మీరు గార్డియన్ అయిపోరు. కమిటీ దగ్గర మళ్ళీ దరఖాస్తు పెట్టాల్సిందే. వీలునామాలోని ఆ మాట, తల్లి కోరిక ఏమిటో కమిటీకి చూపడానికి పనికొస్తుంది. అందుకే రాయాలి, రిజిస్టర్ చేయించాలి.

గార్డియన్ అంటే యజమాని కాదు. నియమించిన ఆరు నెలల్లో ఆ అమ్మాయి ఆస్తి, బ్యాంకు నిల్వ, రావలసినవి, తీర్చాల్సినవి అన్నీ జాబితా రాసి కమిటీకి ఇవ్వాలి. ఆ తర్వాత ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో, అంటే జూన్ ఆఖరులోగా, లెక్కలు ఇవ్వాలి. చాలామంది సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే అంతా అయిపోయిందనుకుంటారు. లెక్కలివ్వని గార్డియన్ మీద ఏ బంధువైనా ఫిర్యాదు చేస్తే తొలగించే దాకా పోతుంది. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని పింఛను ఎంత వచ్చింది, మందులకెంత అని రాసుకుంటే చాలు.

ఇల్లు బావ పేరు మీద ఉందన్నారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, పిల్లలు, బావ తల్లి బ్రతికి ఉంటే ఆమె, అందరూ సమాన వారసులు. అంటే పాపకూ ఒక వాటా ఉంది. ఇప్పుడు ఆ వాటా అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా జిల్లా కోర్టు అనుమతి కావాలి. 18 దాటినాక తల్లి ఒక్కతే సంతకం పెట్టి అమ్మితే కొన్నవాడికీ మీకూ ఇద్దరికీ తలనొప్పే. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఇప్పుడే తీసి, అందులో పాప పేరు కచ్చితంగా ఉండేలా చూడండి. "దానికెందుకులే, దానికేం తెలుసు" అని పేరు వదిలేసే పెద్దమనుషులు ఉంటారు. ఊరుకోవద్దు.

ఈ పనులకు డబ్బు పెట్టి వకీలును పట్టాల్సిన పని లేదు. వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టం చెప్తోంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ 15100.

ఎల్లోరా_పేపరు

ఒక విషయంలో పైవాళ్ళతో ఏకీభవించను. 18 రాగానే అందరికీ గార్డియన్ అని పరుగెత్తడం అలవాటైపోయింది. స్వల్ప, మధ్యస్థ వైకల్యం ఉన్నవాళ్ళు చాలావరకు తమ సంగతులు చెప్పగలరు. ఏ బట్ట కావాలి, ఎవరి దగ్గర ఉండాలి, ఏ డాక్టరు వద్దు, ఇవన్నీ. ఆస్తి లావాదేవీ ఉంటేనో, బ్యాంకు ఒప్పుకోకుంటేనో దరఖాస్తు పెట్టండి. లేకపోతే ఆగండి. పెట్టేటప్పుడు కూడా ఏ పనికి గార్డియన్ కావాలో దరఖాస్తులో రాయండి. కమిటీ ముందుకు పాపను తీసుకుపోయి ఆమెను మాట్లాడనివ్వండి.

ఓటు కూడా మర్చిపోవద్దు. మేధో వైకల్యం ఉన్నంత మాత్రాన ఓటు పోదు. కోర్టు మతిస్థిమితం లేదని తీర్పు ఇస్తేనే పోతుంది. 17 దాటితే ముందుగానే ఓటరు నమోదుకు ఫారం-6 పెట్టుకోవచ్చు. అందులో వైకల్యం గడి నింపితే పోలింగ్ రోజు ర్యాంపు, సాయం విషయంలో లెక్కలోకి వస్తారు.

అనంత_న్యాయసహాయం

నేను పరుగెత్తమనలేదు అన్నా. కానీ వీళ్ళింట్లో బావ ఇల్లు ఉంది, పీఎఫ్ ఉంది. ఈ రెండిటికీ సంతకం పనిపడుతుంది, అందుకే చెప్పా. పాపను మాట్లాడనివ్వాలన్నది ఒప్పుకుంటా.

కౌంటర్_నంద్యాల

బ్యాంకు వైపు నుంచి. ఇప్పుడున్నది మైనర్ ఖాతా అయితే 18 నిండగానే తల్లి సంతకంతో డబ్బు తీయనివ్వరు. ఖాతా పోదు, కొత్తగా ఫొటో, కేవైసీ, పాప సంతకం లేదా వేలిముద్ర ఇచ్చేదాకా విత్‌డ్రా ఆగుతుంది. పుట్టినరోజు తర్వాత మొదటి వారంలోనే పోండి. పాన్ కార్డు లేకపోతే, లేదని రాసిచ్చే ఫారం బ్యాంకులో అడగండి.

అక్కడ మూడు దారులుంటాయి. పాప తనే వేలిముద్ర వేసి ఖాతా నడపడం ఒకటి, చిన్న మొత్తాలకు ఇదే హాయి. తల్లితో జాయింటు ఖాతా ఇంకోటి. మూడోది గార్డియన్ ఖాతా. దీనికి కోర్టు ఉత్తర్వు తెమ్మని అడిగే సిబ్బంది ఉన్నారు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక స్థాయి కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఒప్పుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది. బ్రాంచిలో కాదంటే ఎందుకు కాదో రాసివ్వమనండి. రాసివ్వమనేసరికి సగం సమస్యలు అక్కడే తీరతాయి.

ఇంకోటి గట్టిగా చెప్పాల్సింది. ఆధార్ వేలిముద్రతో డబ్బులిచ్చే కస్టమర్ పాయింట్ల దగ్గర ఇలాంటి పిల్లల వేలు రెండుసార్లు పెట్టించి, ఒకసారి డబ్బులిచ్చి పంపేవాళ్ళున్నారు. ఖాతాకు ఎస్ఎంఎస్ తల్లి ఫోనుకు వచ్చేలా పెట్టండి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోవచ్చు. అయితే ఒకటో తేదీన పింఛను ఇచ్చేవాళ్ళు వచ్చేసరికి లాక్ తీసి ఉండాలి. లేకపోతే ముద్ర పడదు, పింఛను రాలేదని కంగారు పడతారు.

పీఎఫ్ సంగతి. బావకు పింఛను పథకం వర్తించి ఉంటే అక్కకు వితంతు పింఛను రావాలి, కనీసం 1,000. పిల్లలకు ఒక్కొక్కరికి ఆమె పింఛనులో 25 శాతం, కనీసం 250, మామూలుగా 25 ఏళ్ళ దాకా. శాశ్వత పూర్తి వైకల్యం ఉన్న బిడ్డకు మాత్రం వయసుతో పనిలేదు, జీవితాంతం వస్తుంది. ఆఫీసు రికార్డులో వైకల్యం ఎక్కకపోతే 25 నిండిన నెల దానంతటదే ఆగిపోతుంది. అప్పుడు పరిగెత్తే బదులు కొత్త శాశ్వత సర్టిఫికెట్ చేతికి రాగానే కడప పీఎఫ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. మొత్తం చిన్నదే, కానీ బ్రతికున్నన్నాళ్ళూ వచ్చేది.

మేనమామ_పొద్దుటూరు

అక్కకు పింఛను వస్తుంది, పాప వైకల్యం రాయించిందో లేదో తెలీదు. రేపే చూస్తా. అందరికీ దండాలు. నాదింకో ఆలోచన, పాపను మా రైస్ కార్డులోకి మార్చుకుంటే మంచిదా? నేను సచివాలయం ఉద్యోగిని.

భవిత_కర్నూలు

వద్దు! మార్చారంటే పాప ప్రభుత్వ ఉద్యోగి ఇంటి మనిషి అవుతుంది, పింఛను అర్హత తనిఖీలో అదే అడ్డం. అక్క కార్డులోనే ఉండనివ్వండి. సచివాలయంలో పనిచేసే మీకు నేను చెప్పాలా!

నిరామయ (నేషనల్ ట్రస్ట్ వాళ్ళ ఆరోగ్య బీమా) గురించి కూడా చెప్తున్నా, ఎందుకంటే ఎన్టీఆర్ వైద్యసేవ (రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది. ఓపీ, మందులు, థెరపీ ఖర్చులకు నిరామయ పనికొస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా, ఒక్కో రకానికి ఒక్కో పరిమితి. ముందుగా ఆరోగ్య పరీక్షలేవీ ఉండవు. దారిద్ర్యరేఖకు దిగువన ఉంటే కొత్త నమోదుకు 250, ఏటా కొనసాగింపుకు 50. మిగతావాళ్ళకు 500, 250. పాలసీ ఎప్పుడు చేరినా మార్చి 31కి ముగుస్తుంది. డిసెంబరులో చేరితే మూడు నెలలకే మళ్ళీ కట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో చేరడం మేలు. ఒరిజినల్ బిల్లులు, ప్రిస్క్రిప్షన్ రెండూ ఉండాలి. మందుల షాపువాడు తెల్లకాగితం మీద రాసిచ్చింది పనికిరాదు.

ఇప్పుడు పని సంగతి. అసలు ఈ చర్చలో అందరూ కాగితాల దగ్గరే ఆగిపోయారు గానీ, పాపకు రేపు పొద్దున లేచి ఎక్కడికి పోవాలన్నదే పెద్ద ప్రశ్న.

పొద్దుటూరులో బంగారం, బట్టల అంగళ్ళకు కొదవ లేదు. కిరాణా హోల్‌సేలు ఉంది, మగ్గాలున్నాయి. "కొవ్వొత్తులు, ఫినాయిలు నేర్పిద్దాం" అని మొదలుపెట్టకండి. తయారైనవి కొనేవాళ్ళుండరు, మూడో నెలకు మూలపడతాయి. మీ వీధిలో ఇప్పటికే జరుగుతున్న పనిలోంచి ఒక ముక్క తీసుకోండి. ఉదాహరణకు కిరాణాలో పప్పులు, చెనక్కాయలు 250 గ్రాముల ప్యాకెట్లు కట్టడం.

దాన్ని మెట్లుగా విడగొట్టాలి. కవరు తీసి నోరు తెరవడం, డబ్బాతో పోయడం, తూకం మీద పెట్టడం, ఎక్కువైతే తీయడం తక్కువైతే వేయడం, సీలు వేయడం, ట్రేలో పెట్టడం. కుడి చేయి బలహీనం కాబట్టి ఒక చేత్తో కవరు పట్టి ఇంకో చేత్తో పోయడం దగ్గర మొత్తం ఒలికిపోతుంది. పాపకు చేతకాదని పని మానిపించేది అక్కడే. కవరు నోరు తెరిచి పట్టే చిన్న కడ్డీ స్టాండు వెల్డింగ్ అంగట్లో చేయించండి, బల్లకు బిగించండి. రెండు చేతుల పని ఒక చేతి పని అవుతుంది. పోయడానికి సుమారు 240 గ్రాములు పట్టే డబ్బా ఒకటి కోసి పెట్టండి, మిగతాది చెంచాతో. ఎడమ చేతివైపు సరుకు, కుడివైపు ట్రే. అంకెలు చదవడం రాకపోతే తూకం పక్కన "250" అని పెద్దగా రాసిన అట్ట అంటించండి. అట్ట మీది బొమ్మ, తెర మీది బొమ్మ ఒకటిగా ఉన్నాయా అని పోల్చుకుంటుంది. చదవక్కరలేదు. కానీ తెర "0.250" అని చూపే తూకమైతే అట్ట మీద కూడా అలాగే రాయాలి. ఇంట్లో ఒక తూకం మీద నేర్పి అంగట్లో ఇంకో తూకం ముందు కూర్చోబెడితే మొదటికొస్తుంది. ఏ తూకం మీద పని చేయాలో దానిమీదే నేర్పండి.

నేర్పేది చివరి మెట్టు నుంచి. మొదటి వారం అన్నీ మీరు చేసి, ట్రేలో పెట్టడం మాత్రం పాపకు వదలండి. ఎందుకంటే పని "అయిపోయింది" అన్న తృప్తి ప్రతిసారీ తనకే దక్కుతుంది. అది కుదిరినాక సీలు, తర్వాత తూకం. సీలు వేసే మిషను వేడి పట్టీ మీద వేలు పడకుండా కాపు ఉన్నది కొనండి. మూర్ఛ మందులు వాడుతుంటే సీలు పని వేరేవాళ్ళకు ఇవ్వండి. మాటలతో "అట్ల కాదు, ఇట్ల" అని పదేపదే చెప్పడం మానేయండి. చెప్పేవాళ్ళుంటేనే చేసే అలవాటు పడుతుంది. చేయి పట్టి చూపి, తర్వాత మోచేయి తాకి, తర్వాత వేలితో చూపి, ఆపైన ఊరుకోండి.

మొదట రోజుకు గంట. అంగడి జనం లేని వేళ, పొద్దున పదికి ముందు గానీ మధ్యాహ్నం మూడు దగ్గర గానీ. అంగడాయనతో ముందే ఒప్పందం: వారానికి ఇంత కూలి, పాప చేతికే ఇవ్వాలి. "ఊరికే కూర్చోనీలే, నేను చూసుకుంటా" అనేవాళ్ళ దగ్గర పెట్టొద్దు. జాలితో ఇచ్చిన చోటు పండగ గిరాకీ రాగానే పోతుంది. మరుగుదొడ్డి ఎక్కడుంది, తలుపు గడియ పడుతుందా, తిరిగి వచ్చేటప్పుడు ఎవరు తోడు, ఇవి మీ అక్క కళ్ళారా చూసుకోవాలి. ఎవరు ఎక్కడ తాకొచ్చు, ఎవరికి చెప్పాలి అన్నది పనిలో పెట్టకముందే నేర్పాలి. 18 దాటితే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం రక్ష ఉండదు.

డబ్బు లెక్క రాకపోయినా ఒక ఉపాయం ఉంది. అంగడివాడు చెప్పిన మొత్తానికి పైన వచ్చే నోటు ఇవ్వడం. 37 అంటే 50 నోటు. నోటు రంగు, అంకె పోల్చి నేర్పితే చాలు, చిల్లర తీసుకుని జేబులో వేసుకోవడం రెండో పాఠం.

ఇంతకంటే లోతుగా అంచనా వేయించాలంటే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ ఉంది. 1984 నుంచి ఈ పనే చేస్తోంది. ఎర్రగుంట్లలో వెంకటాద్రి ఎక్కితే కాచిగూడలో దిగుతారు. రైల్వే రాయితీ కార్డు ముందే తీయండి. మేధో వైకల్యం ఉన్నవాళ్ళకూ తోడు వెళ్ళేవాళ్ళకూ స్లీపర్‌లో 75 శాతం తగ్గుతుంది. దానికి సదరం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, రైల్వే నమూనాలో ప్రభుత్వ డాక్టరు సంతకం, సీలు కావాలి. దగ్గర్లో కావాలంటే నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం ఉంది. అనంతపురం వైపువాళ్ళు ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ళను అడగండి, ఆ సంస్థ ఈ రంగంలో చాన్నాళ్ళుగా పనిచేస్తోంది.

ఆదోని_తమ్ముడు

మధ్యలో దూరుతున్నా. మా తమ్ముడికి 19, పుట్టు చెవుడు, మాట రాదు, ఇంటర్ పాసైనాడు. వానికీ ఈ గార్డియన్ పెట్టించాల్నా? బ్యాంకులో అడుగుతున్నారు.

అనంత_న్యాయసహాయం

అవసరం లేదు, పెట్టించకండి కూడా. వినికిడి లోపం నేషనల్ ట్రస్ట్ చట్టంలో లేదు. మీ తమ్ముడు మేజర్, తన సంతకం తనదే. బ్యాంకులో రాతతో మాట్లాడవచ్చు. అవసరమైతే సైగల భాష తెలిసినవాళ్ళను తోడు తీసుకుపోవచ్చు. గార్డియన్ కావాలన్న మాట రాసివ్వమనండి. మీరు చూడాల్సింది చదువు: డిగ్రీ కాలేజీల్లో 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ళ సడలింపు 2016 వికలాంగుల హక్కుల చట్టం 32వ సెక్షన్‌లో ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతంలో ఒక శాతం వినికిడి లోపం ఉన్నవాళ్ళకే. జిల్లాలో మిగిలిపోయిన వికలాంగుల పోస్టులకు కలెక్టర్ పేరుతో విడిగా నోటిఫికేషన్ వస్తుంది. పత్రికలో చిన్న ప్రకటన వేస్తారు, దరఖాస్తుకు ఇచ్చే గడువూ తక్కువే. ఏడీ ఆఫీసు నోటీసు బోర్డు చూస్తూ ఉండండి. కాలేజీ స్కాలర్‌షిప్‌కు జాతీయ పోర్టల్‌లో తల్లిదండ్రుల ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి. సర్టిఫికెట్ మీద "శాశ్వత" అని ఉందో లేదో చూసి పెట్టండి.

మేనమామ_పొద్దుటూరు

అక్కతో కూర్చుని రోజు పనుల కాగితం రాయడం మొదలుపెట్టినాం. "చెప్తే చేస్తుంది" వరసే పొడుగ్గా ఉంది. సీలు మిషను గురించి ఒక్కటి: పాపకు రాత్రిపూట మూర్ఛ మాత్ర నడుస్తోంది, రెండేళ్ళుగా రాలేదు. అయినా వద్దంటారా?

భవిత_కర్నూలు

వద్దు. సీలు అంగట్లో పిల్లోడు వేస్తాడు, పాపకు తూకం, ట్రే చాలు. కవరు మూతి మడిచి పిన్ను కొట్టే ప్యాకెట్లయితే అది కూడా తనే చేయొచ్చు. మాత్ర మోతాదు మార్చినా, మార్చకపోయినా, పనిలో పెట్టే ముందు న్యూరాలజీ డాక్టరుకు పని వేళ చెప్పి, మాత్ర ఎప్పుడు వేయాలో రాయించుకోండి. ఆ చీటీ జిరాక్స్ ఒకటి అంగడాయన గల్లాపెట్టెలో ఉండాలి, అక్క ఫోను నంబరుతో.